పరదేశమున చేతివిద్యకు పరీక్ష



పక్షవాతము తగిలి వ్రేలాడు చేయి మరల అన్నపు ముద్దను నోటికి అందించునట్లు చేయుట, విరిగి అతికిన కాలికి మరల నడక నేర్పుట, కాళ్లు బిగిసిపోయిన పసిబిడ్డను నిలువబెట్టుట, ఇట్టి పనులు చేయు విద్యను నేడు ఫిజియోథెరపీ అని పిలుచుచున్నారు. అంగములను మర్దించి, కదలించి, తగిన వ్యాయామములు నేర్పి బాగుచేయు చికిత్స యని దాని భావము. ఇందు మందు పాలు తక్కువ, చేతి పాలు ఎక్కువ. మన జిల్లాల నుండియు ఈ విద్య చదివిన యువకులు, యువతులు అమెరికా, ఇంగ్లండు, కెనడా, ఆస్ట్రేలియాలకు పోవుచున్నారు. ఇచట పట్టము పుచ్చుకొని, ఆసుపత్రిలో ఏండ్ల తరబడి రోగులను నడిపించిన వ్యక్తి అచట విమానము దిగిన మరునాడు ఆ వృత్తి పేరు చెప్పుకొని ఒక్క రోగినైనను ముట్టరాదు. లైసెన్సు లేక ముట్టిన యెడల అది నేరము. మరల పత్రములు చూపవలెను, మరల పరీక్షకు కూర్చుండవలెను. “సముద్రము దాటగానే చదివిన చదువు చదువు కాకపోవునా?” అని ఇంటి పెద్దలు నొచ్చుకొనుచుందురు. ఆ ప్రశ్నకు సమాధానము చరిత్రలో ఉన్నది. దానిని నేటి ప్రసంగమున విన్నవించెదను.

చేతివైద్యము మనకు క్రొత్త కాదు. తాలింఖానాలో ఉస్తాదు బెణికిన భుజమును సవరించెడివాడు. ఇంటిలో ముసలమ్మ పసిబిడ్డకు నూనె రాచి కాళ్లు చేతులు సాగదీసి నీళ్లు పోసెడిది. విరిగిన ఎముకకు చిత్తూరు సీమలోని పుత్తూరు కట్టు దూరదేశముల వరకు పేరుగాంచినది. వీరిలో ఎవరిని ఎవరును లైసెన్సు అడుగలేదు. ఏల? కట్టు కట్టినవాని ఇల్లు ఎక్కడనో అందరికి తెలియును. వాని తండ్రి కట్టిన కట్లు ఎట్లు కుదిరినవో తెలిసిన ముసలివారు ఊరిలో ఉందురు. కట్టు వంకరగా కుదిరిన యెడల ఆ కుంటి కాలే వీధివీధి తిరిగి చెప్పును. అనగా ఊరంతయు సాక్షియే. ఊరు తెలియని చోట, పేరు పలుకలేని చోట, ఆ సాక్ష్యమును ఎవరు పలుకవలెను? లైసెన్సు అను కాగితము పుట్టినది ఈ అక్కర వలననే.

ఈ విద్యకు ఐరోపాలో శాస్త్రరూపము కల్పించినవారిలో ముఖ్యుడు స్వీడను దేశస్థుడైన పెర్ హెన్రిక్ లింగ్. ఆయన కత్తిసాము నేర్పు గురువు. శరీరచలనములను క్రమబద్ధము చేసి, 1813లో స్టాక్‌హోమ్ నగరమున రాజానుమతితో ఒక వ్యాయామ విద్యాలయమును స్థాపించెను. అందు సైనికులకు కసరత్తు, పిల్లలకు వ్యాయామము, రోగులకు చికిత్స, మూడును నేర్పిరి. అచట నేర్చినవారు ఇంగ్లండు, జర్మనీ మొదలగు దేశములకు పోయి చికిత్సాలయములు తెరచిరి. పరదేశమున చదివి వచ్చిన అంగచికిత్సకులను ఐరోపా దేశములు అప్పుడే చూచినవి. ఈ వృత్తివారిని ప్రభుత్వ పట్టికలో నమోదు చేయు పద్ధతియు స్వీడనులోనే 1887లో ఆరంభమైనది.

ఇంగ్లండులో కథ వేరు విధముగా నడచినది. అచట లైసెన్సుకు మూలము విద్యాగర్వము కాదు, అపనింద. 1890 ప్రాంతమున లండనులో మర్దనశాలలు పెచ్చుపెరిగినవి. వానిలో కొన్ని మర్దన యను పేరు తగిలించుకొని వ్యభిచారము నడపుచుండెను. 1894లో బ్రిటిష్ వైద్యుల పత్రిక ఈ సంగతిని బయటపెట్టెను. దానితో రోగుల సేవలో నిజముగా చేయి అరిగిన దాదులకును తల యెత్తుకొన వీలులేక పోయినది. అప్పుడు రోజలిండ్ పేజెట్, లూసీ రాబిన్సన్ మొదలగు నలుగురు స్త్రీలు అదే యేట శిక్షితులైన మర్దనకారిణుల సంఘమును నెలకొల్పిరి. సభ్యులు కాదలచినవారు శరీరశాస్త్రము చదివి పరీక్షలో నెగ్గవలెను. వైద్యుడు చెప్పిన రోగికే చికిత్స చేయవలెను. మందులు ఈయరాదు. ఈ సంఘమునకు 1920లో రాజశాసనము లభించినది. 1944లో అది చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ యను పేరు తాల్చినది. దొంగసరకు పేరుకెక్కిన అంగడివీధిలో మంచి సరకు అమ్మువాడు తానే ముద్ర వేయించుకొనును గదా. ఆ స్త్రీలు చేసినది అట్టిదే. పరులను దూరముంచుటకు కాక, తమ మానమును నిలుపుకొనుటకు వారు పరీక్షను కోరుకొనిరి.

ఇక అమెరికా. అచట ఈ వృత్తికి తల్లివంటిది మేరీ మెక్‌మిలన్ అను ఆమె. ఈమె 1880లో అమెరికాలోనే మాసచూసెట్స్ రాష్ట్రమున పుట్టినది. పసితనముననే తల్లి పోగా, ఇంగ్లండులోని బంధువుల ఇంట లివర్‌పూల్ నగరమున పెరిగినది. వ్యాయామ విద్యయు, అంగచికిత్సయు అచటనే నేర్చినది. ఎముకల వైద్యమున జగత్ప్రసిద్ధుడైన సర్ రాబర్ట్ జోన్స్ కడ పనిచేసి చేయి తిప్పుకొన్నది. మొదటి ప్రపంచయుద్ధము నడుచుచుండగా ఆమె అమెరికాకు తిరిగి వచ్చి, మెయిన్ రాష్ట్రములోని ఒక పిల్లల ఆసుపత్రిలో పనిచేసెను. 1917లో అమెరికా యుద్ధమున దిగినది. కాళ్లు చేతులు చెడి తిరిగివచ్చు సైనికులను మరల పనికి వచ్చువారినిగా చేయగల శిక్షితులు ఆ దేశమున బహు కొద్దిమంది. 1918 ఫిబ్రవరిలో వాల్టర్ రీడ్ సైనిక ఆసుపత్రిలో మెక్‌మిలన్ చేరినది. అట్టి సహాయకురాండ్రలో ఆమెయే మొదటిది. ఆ యేడే ఓరిగాన్ రాష్ట్రములోని రీడ్ కళాశాలలో సుమారు 200 మంది స్త్రీలకు ఆమె ఈ విద్య గరపినది. 1921లో మర్దన, చికిత్సా వ్యాయామములపై పుస్తకము ప్రకటించినది. అదే యేట అమెరికా అంగచికిత్సకురాండ్ర సంఘము ఏర్పడగా ఆమెయే తొలి అధ్యక్షురాలైనది. నేడు ఆ దేశమునందలి ఫిజియోథెరపిస్టుల మహాసంఘము ఆ విత్తనము నుండి మొలచినదే.

ఈ కథలో గమనింపదగిన సంగతి ఒకటి కలదు. అమెరికాలో ఈ వృత్తిని నిలబెట్టిన ఆమె తానే పరదేశమున చదివి వచ్చినది. ఆనాడు ఆమె చదువును అంకెలు వేసి తూచిన అధికారి లేడు. కన్నీటితో వచ్చిన సైనికుడు, తోడి వైద్యుడు, ఇంగ్లండులో ఆమె గురువునకు గల కీర్తి, ఇవియే ఆమెకు సాక్ష్యములు. పదిమంది మాత్రమే ఉన్నపుడు ఆ సాక్ష్యము చాలును. వేలమంది అగునపుడు చాలదు. కనుకనే శాసనములు మెల్లగా వచ్చినవి. పెన్సిల్వేనియా రాష్ట్రము 1913లోనే, న్యూయార్కు రాష్ట్రము 1926లో ఈ వృత్తికి లైసెన్సు విధించినవి. తక్కిన రాష్ట్రములు దశాబ్దముల మీద ఒకదాని వెనుక నొకటి అనుసరించినవి. అమెరికాలో ఈ యధికారము కేంద్రమునది కాదు, రాష్ట్రములది. ఒక రాష్ట్రపు లైసెన్సుతో వేరొక రాష్ట్రమున పనిచేయుటకు మరల ఏర్పాటు చేసికొనవలెను. ఈ సంగతి తెలియక చిక్కుపడువారు నేటికిని కలరు.

మెక్‌మిలన్ పుట్టిన 1880లోనే ఆస్ట్రేలియాలో ఎలిజబెత్ కెన్నీ యను నామె పుట్టినది. ఈమె కథ ముందటి కథకు ఎదురుకట్టు. ఈమెకు ఏ పాఠశాలలోను దాది శిక్షణ లభింపలేదు. గుఱ్ఱముపై పల్లెపల్లె తిరిగి రోగులకు ఉపచారము చేసినది. మొదటి యుద్ధమున సైనికుల ఓడలలో పనిచేసి ‘సిస్టర్’ అను హోదాను పొందినది. పోలియో సోకిన పిల్లల అవయవములను కదలకుండ బద్దలు కట్టి ఉంచుట నాటి వైద్యుల పద్ధతి. కెన్నీ ఆ బద్దలను విప్పి, వేడి ఉన్నిగుడ్డలు చుట్టి, కండరములను మెల్లమెల్లగా కదలింపజేసెను. క్వీన్స్‌లాండ్ ప్రభుత్వము నియమించిన విచారణసంఘము 1938లో ఆమె పద్ధతిని నిరాకరించినది. 1940లో ఆమె అమెరికాకు పోయినది. ఆమె చేతిలో చూపుటకు పట్టము లేదు. మినియాపొలిస్ నగరమున వైద్యులు రోగులను ఆమె యెదుట పెట్టి, “చేసి చూపుము” అనిరి. ఆమె చేసి చూపినది. 1942లో ఆ నగరముననే ఆమె పేర చికిత్సాలయము వెలసినది. లైసెన్సు గల ఫిజియోథెరపిస్టులు లైసెన్సు లేని ఆమె కడ కూర్చుండి నేర్చుకొనిరి. 1950లో అమెరికా శాసనసభ ఆమెకు వీసా లేకయే రాకపోకలు చేయు అపూర్వమైన అనుమతి నిచ్చెను.

ఈ కథ విన్నవారికి “చూచితిరా, పట్టములతో పనియేమి?” అని తోచవచ్చును. కాని రెండవ వైపును చూడవలెను. కెన్నీ చేయి చేసిన మేలు నిజమే. కండరములు ఎందుచేత చచ్చుపడునో ఆమె చెప్పిన కారణము మాత్రము సరికాదని శాస్త్రము తేల్చినది. పోలియో వెన్నుపాములోని నాడీకణములను చంపును. కండరము బిగియుటయే ఆ రోగమునకు మూలమని ఆమె పట్టుబట్టినది. చేతికి తెలిసినది నోటికి తెలియలేదు. ఆమె మేలు ఎంతవరకో, పొరబాటు ఎచటనో వేరుపరచుటకు మరల పరీక్షించు శాస్త్రజ్ఞులే కావలసివచ్చిరి. కాగితము ఒక్కటియే చాలదని కెన్నీ కథ చెప్పుచున్నది. చేయి ఒక్కటియే చాలదనియు అదియే చెప్పుచున్నది.

మనవారు అమెరికాకు పోవుట ఎప్పటి మాట? 1946 శాసనము వలన ఏటికి 100 మంది హిందూదేశస్థులకు మాత్రమే ఆ దేశమున స్థిరపడుటకు వీలుకలిగినది. 1965లో దేశమును బట్టి వాటాలు వేయు పాత పద్ధతి రద్దయి, విద్య గలవారికి ద్వారములు తెరచుకొన్నవి. అచట ముసలివారు పెరిగిరి, యుద్ధములలో గాయపడినవారు పెరిగిరి, ఫిజియోథెరపిస్టులు చాలకపోయిరి. అమెరికా కార్మికశాఖ కొరత గల వృత్తుల పట్టికలో దాదులతోపాటు వీరినిని చేర్చినది. పనికి పిలుచుట ఒక చేయి, ఆపి పరీక్షించుట ఇంకొక చేయి. 1996 శాసనము ప్రకారము పరదేశమున చదివిన దాదులు, ఫిజియోథెరపిస్టులు మొదలగువారు తమ చదువు, భాష, అనుమతులు సరిగా ఉన్నవని ధ్రువపత్రము తెచ్చినగాని వృత్తి వీసా పొందరు.

ఇక ఆ పరీక్ష ఎట్టిదో చూతము. మొదటి మెట్టు చదువును తూచుట. మన విద్యాలయము ముద్రలతో పంపిన మార్కుల పట్టికలను, పాఠ్యప్రణాళికను అచటివారు తమ ప్రణాళికతో ప్రక్కప్రక్కన పెట్టి, పాఠము వెంట పాఠము, గంట వెంట గంట సరిచూతురు. మన దేశమున ఫిజియోథెరపీ పట్టమునకు చాలకాలము నాలుగేండ్ల చదువు, ఆపైన ఆరు నెలల ఆసుపత్రి శిక్షణ నియమమై యుండెను. అమెరికాలో 2015 చివర నుండి ఈ వృత్తి విద్య యంతయు ‘డాక్టర్’ పట్టముతోనే ముగియవలెనని నియమము వచ్చినది. పరదేశపు చదువును తూచుటకు వారికడ వివిధ సంవత్సరములకు తగిన కొలకర్రలు కలవు. ఏ యేట పట్టము పుచ్చుకొన్నవారిని ఆనాటి అమెరికా ప్రమాణముతో కొలుచుట వాని ఉద్దేశము. ఇది న్యాయమే. కొన్ని రాష్ట్రములు మాత్రము ఎప్పుడు చదివినవారినైనను క్రొత్త కర్రతోనే కొలుచును. లోటు తేలిన పాఠములను మరల చదివి పూరింపవలెను.

ఈ లోటు ఎచట తేలునో తెలిసికొన్నచో కోపము కొంత చల్లారును. మన దేశమున ఫిజియోథెరపిస్టు కడకు రోగి తరచుగా వైద్యుని చీటి పట్టుకొని వచ్చును. రోగమేదో వైద్యుడు చెప్పియే యుండును. అమెరికాలో ఏదో యొక మేరకు అన్ని రాష్ట్రములలోను రోగి చీటి లేకయే సూటిగా ఫిజియోథెరపిస్టు కడకు పోవచ్చును. నడుమునొప్పి యని వచ్చిన ముసలివాని నొప్పి కండరము పట్టినదా, ఎముకలో పుండుపడినదా, లోపలి పెద్ద రక్తనాళము ఉబ్బినదా? మొదటిదైన వ్యాయామము నేర్పవలెను. తక్కినవైన ముట్టక వెంటనే వైద్యుని కడకు పంపవలెను. అట్లు వేరుపరచు చదువు నీకు కలదా యని వారడుగుట కక్షగా ఎంచరాదు. మన పాఠశాలలలో ఈ పాఠమునకు ఎన్ని గంటలు ఇచ్చుచున్నామని మనమే విచారించుకొనుట మేలు.

రెండవ మెట్టు భాష. చదువుట, వ్రాయుట, వినుట, మాటలాడుట వేరువేరుగా పరీక్షింతురు. మాటలాడుటకు 30కి 26 మార్కులు రావలెనని చాలకాలము నియమముండెను. ఇంగ్లీషులోనే చదివితిమి, మరల ఇంగ్లీషు పరీక్ష యేల యని మనవారికి చిరాకు. మన రోగి నొప్పిని ఎన్ని మాటలతో చెప్పునో తలచుకొనుడు. సలుపు, తీపు, పోటు, మంట, తిమ్మిరి, గుంజుట, చురుక్కుమనుట. సలుపునకును తిమ్మిరికిని చికిత్స ఒకటి కాదు. ఈ భేదము తెలియని పరదేశి మన తాతగారి మోకాలు పట్టుకొన్నచో మనము ఊరకుందుమా? ఆ దేశపు తాతయు అట్లే అడుగును. గ్రంథపు ఇంగ్లీషు వేరు, నొప్పితో మూలుగు ముసలివాని ఇంగ్లీషు వేరు.

మూడవది జాతీయ పరీక్ష. దీనిని రాష్ట్రముల లైసెన్సు మండలుల సమాఖ్య నడపును. అచట చదివినవారును, ఇతర దేశముల నుండి వచ్చినవారును వ్రాయవలసినది ఈ ఒక్క పరీక్షయే. సరియైన సమాధానమును నాలుగింటిలో ఏరుకొను ప్రశ్నలు. మార్కులు 200 మొదలు 800 వరకు లెక్కింతురు. 600 వచ్చిన నెగ్గినట్లు. ఎవరును జీవితకాలమున ఆరు మారులకు మించి వ్రాయరాదు. దీని తరువాత రాష్ట్రపు శాసనములపై పరీక్ష పెట్టు రాష్ట్రములును కలవు. కొన్ని రాష్ట్రములు పరదేశమున చదివినవారిని కొంతకాలము ఒకరి పర్యవేక్షణలో పనిచేయుమనును. ఈ మెట్లన్నియు ఎక్కుటకు నెలలు కాదు, ఒక్కొక్కప్పుడు రెండు మూడేండ్లు పట్టును. అంతవరకు ఆ వ్యక్తి సహాయకుని పనియో, మరియొక కూలిపనియో చేయుచు, ఇంటికి ఉత్తరములలో అంతయు కుశలమని వ్రాయుచుండును. ఆ కుశలము వెనుక ఉన్న కష్టము ఇంటివారికి తెలియుట మంచిది.

ఇప్పుడు మనసుకు కష్టమైన ఒక ఘట్టమును చెప్పవలసియున్నది. 2010 జూలైలో ఆ సమాఖ్య ఒక ప్రకటన చేసెను. ఈజిప్టు, హిందూదేశము, పాకిస్తాన్, ఫిలిప్పీన్సు, ఈ నాలుగు దేశముల విద్యాలయములలో చదివినవారికి జాతీయ పరీక్షను ఆపివేయుచున్నామని దాని సారము. ఆయా దేశముల పట్టభద్రులు పెక్కురు పరీక్షలోని ప్రశ్నలను కంఠస్థము చేసికొని వచ్చి ఇతరులకు పంచుచున్నారని వారి అభియోగము. పరీక్ష ఏడాది పొడవున ఎవరికి వీలైన దినమున వారు వ్రాయునట్లు ఉండుటచే, నిన్న వ్రాసినవాడు రేపు వ్రాయువానికి చెప్పుట సులభమయ్యెను. పిమ్మట 2011లో ఈ నాలుగు దేశములవారికి వేరుగా ఒక పరీక్ష కల్పించిరి. అందరికిని నియమిత దినములందే పరీక్ష జరుగునట్లు పద్ధతియు మార్చిరి. తరువాత మనవారికిని తక్కినవారితోపాటు సాధారణ పరీక్ష వ్రాయు అవకాశము మరల లభించినది.

ఈ ఘట్టమున న్యాయమెంత, అన్యాయమెంత? ప్రశ్నలు అమ్ముకొనుట, కొనుట, అడిగి తెలిసికొనుట మోసమే. దానికి వేరు పేరు పెట్టనక్కరలేదు. అంతమాత్రమున, పేరు పేరున విచారింపక దేశమును బట్టి తలుపు మూయుటయు సరికాదు. నిజాయితీగా రేయింబవళ్లు చదివి, అప్పుచేసి పరీక్షరుసుము కట్టినవాడును ఆ తలుపు బయటనే నిలిచెను. నలభైమంది గల తరగతిలో ఐదుగురు చీటీలు తెచ్చినచో నలభైమంది కాగితములు చించివేయు ఉపాధ్యాయుడు శిక్షించినవాడగును గాని విచారించినవాడు కాడు. ఇంగ్లండులో 1894లో జరిగినదే ఇచటను జరిగినది. కొందరి దుర్మార్గము అందరి ముఖమునకు మసి పూసినది. లండను స్త్రీలు ఆ మసిని ఏడ్చి కడుగుకొనలేదు. తమకు తామే కఠిన నియమము పెట్టుకొని కడుగుకొనిరి. మనవారికిని అదియే దారి.

ఇతర దేశములందును మెట్లు వేరైనను మేడ ఒకటియే. ఇంగ్లండులో ప్రభుత్వ మండలి పట్టికలో పేరు చేరనివాడు ‘ఫిజియోథెరపిస్టు’ అను పేరు పెట్టుకొనుటయే నేరము. అచట ముఖ్యముగా చదువును, అనుభవమును పరిశీలింతురు. ఆస్ట్రేలియాలో వ్రాత పరీక్షతో ఊరుకొనరు. ఎముకలు, కండరముల రోగములు, నాడుల రోగములు, గుండె ఊపిరితిత్తుల రోగములు, ఈ మూడింట చేతిపనిని ఎదుట నిలిచి చూతురు. కెన్నీ పుట్టిన దేశము చేతిని చేతిగా పరీక్షించుట సముచితమే గదా.

మన దేశము మాట. మన దేశమున ఈ విద్య 1950 తరువాత బొంబాయిలో పోలియో పెరిగిన కాలమున, ప్రపంచ ఆరోగ్యసంస్థ సహాయముతో అచటి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో పాఠశాలగా వేళ్లూనినది. ఫిజియోథెరపిస్టుల అఖిలభారత సంఘము 1955లో ఏర్పడినది. వైద్యులకు, దాదులకు ఉన్నట్లు ఈ వృత్తికి దేశమంతటికి వర్తించు శాసనము మాత్రము చాలకాలము రాలేదు. పరదేశమువారు “మీ దేశమున నీవు ఏ పట్టికలో నమోదైతివి?” అని అడిగినపుడు చూపుటకు జాతీయ పట్టిక లేక మనవారు నీళ్లు నమిలిరి. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్యవృత్తుల జాతీయ కమిషన్ శాసనమును చేసినది. పాఠ్యప్రమాణములు, పట్టికలు దాని ఆధీనములైనవి. ఆ శాసనము పల్లెలోని కళాశాల వరకు నిజముగా పనిచేసిన నాడు, పరదేశమున మనవారి బరువు సగము తగ్గును. తన ఇంట తూకము సరిగా ఉన్నవాడు పరుల తక్కెడకు వెరవడు.

మేరీ మెక్‌మిలన్ తుది కథను చెప్పి ముగించెదను. ఆమె 1932లో చైనాకు పోయి పెకింగు వైద్యకళాశాలలో ఈ విద్యను బోధించెను. 1941లో తిరిగివచ్చుచు ఫిలిప్పీన్సులోని మనీలా చేరునప్పటికి జపానుతో యుద్ధము విరుచుకొనిపడినది. ఆమెను పట్టి సాంతో తోమాస్ నిర్బంధ శిబిరమున ఉంచిరి. తరువాత షాంఘై కడ మరియొక శిబిరమునకు మార్చిరి. అరువది దాటిన వయసున, తినుటకు చాలని తిండితో, ఆమె ఆ శిబిరములలో తోటి ఖైదీలకు తన చేతులతో చికిత్స చేయుచునే యుండెను. 1943లో విడుదలై స్వదేశము చేరినది. 1959లో కాలధర్మము నొందినది. ఆ శిబిరములో ఆమెను లైసెన్సు అడిగినవారు లేరు. కాని ఆ చేయి అచట పనికివచ్చుటకు కారణము, లివర్‌పూలులో గురువు కడ ఏండ్ల తరబడి సాగిన కఠినమైన శిక్షణయే.

కనుక పెద్దలకు నా మనవి ఇది. మీ మనుమడో మనుమరాలో ఈ వృత్తితో పరదేశము పోయెదనన్నచో, వీసా మాట తరువాత. ముందు మూడు ప్రశ్నలు అడుగుడు. నీవు చదువు కళాశాల ఏ పట్టికలో ఉన్నది? పోదలచిన రాష్ట్రము ఏయే పత్రములు కోరును, వానిని ఇప్పటినుండియే భద్రపరచుచున్నావా? పరీక్ష ప్రశ్నలు ముందుగా చెప్పెదనని డబ్బడుగువాడు తటస్థపడినచో ఏమి చేయుదువు? మూడవదానికి తడుముకొనక సమాధానము చెప్పిన బిడ్డను నిర్భయముగా పంపుడు. రెండు మూడేండ్లు ఆలస్యమైనను తొందరపెట్టకుడు. పొరుగువాని కొడుకు ఇల్లు కొనెనని ఉత్తరములలో వ్రాయకుడు. ముక్కు మొగము తెలియని దేశమున, మనవాని చేతిలో తన నడుమును, మెడను, బిడ్డ కాలును పెట్టు రోగికి మనవాడు ఇచ్చు హామీయే ఆ లైసెన్సు. ఆ హామీని కష్టపడి సంపాదించినవానికి అది భారము కాదు, గౌరవము.